‘లో’ తాత

నా భర్తను చంపినవాడి గురించి రాస్తున్నాను. వాడి పేరు హనన్యా బెన్‌షుషాన్. ఇరవై ఆరేళ్లుగా వాడూ నేనూ కలిసి పనిచేస్తున్నాం. మా ఊరు ఒఫాకీంలో ఈ మాటంటే ఎవరూ నోరు వెళ్లబెట్టరు, అందరికీ తెలిసిందే. బయటి ఊళ్ల ఆడవాళ్లే, "అంటే క్షమించేశావన్నమాట, ఎంత పెద్ద మనసు జొహరా!" అంటూ కళ్లు ఒత్తుకుంటారు. అలాంటివాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నాది పెద్ద మనసు కాదు, పెద్ద నోరు. ఆ నోటితోనే జరిగింది జరిగినట్టు చెబుతాను.

అరవయ్యో సంవత్సరంలో మా ఆడపడుచు పెళ్లిలో ఒక కుర్చీ దగ్గర గొడవైంది. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు, చంకలో ఎనిమిది నెలల రఫీ. నా భర్త అర్మాన్ నాకోసం అట్టిపెట్టిన కుర్చీలో హనన్యా వచ్చి కూర్చున్నాడు. అప్పటికే పూటుగా తాగి ఉన్నాడు. లెమ్మంటే లేవలేదు సరికదా, మా అత్తగారిని పట్టుకుని ఒక మాటన్నాడు. ముందు చెయ్యి చేసుకున్నది అర్మానే. ఆ సంగతి కోర్టులోనూ చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను. చెంపదెబ్బ తిన్న హనన్యా బల్ల మీది సారా సీసా అందుకుని కణత మీద కొట్టాడు. ఒక్కటే దెబ్బ. అర్మాన్ వడ్డించి ఉన్న పళ్లేల మీద బోర్లా పడ్డాడు. డప్పు వాయించేవాడు అటు తిరిగి ఉన్నాడు కాబోలు, ఇంకా కాసేపు వాయిస్తూనే ఉన్నాడు. నేను బిడ్డను ఎవరి చేతుల్లోనో పడేసి వెళ్లి హనన్యా మణికట్టు కొరికాను. ఎముక తగిలేదాకా కొరికాను. ఆ గాటు ఇప్పటికీ ఉంది.

వాడికి పన్నెండేళ్లు జైలు వేశారు. అక్కడ వాడి గదిలో ఒక ముసలివాడు ఉండేవాడట. ఒకప్పుడు సినగాగ్‌లో, అంటే మా యూదుల ప్రార్థన మందిరంలో, మా ధర్మగ్రంథం తోరా చదివేవాడు, దొంగ సంతకాల కేసులో లోపలికొచ్చాడు. ఆ ముసలివాడు హనన్యాకి తోరా చదవడం నేర్పాడు. తోరా చుట్టలో గుణింతాలుండవు, రాగం గుర్తులుండవు, వట్టి హల్లులు వరుసగా ఉంటాయి. ఏ అక్షరాన్ని ఎలా పలకాలో, ఎక్కడ గొంతు ఎత్తాలో అంతా కంఠతా రావాలి. అర్థం మారేలా ఒక్క మాట తప్పు పడిందా, హాలు హాలంతా అరిచి వెనక్కి లాగుతుంది, మళ్లీ చదివేదాకా ముందుకు పోనివ్వదు. మా ఇళ్లలో మగపిల్లాడికి పదమూడేళ్లు నిండగానే ఆ చుట్ట ముందు నిలబడి చదువుతాడు. పక్కన తండ్రి నిలబడతాడు. ఆరోజు నుంచి వాడి పాపపుణ్యాలు వాడివే.

హనన్యా జైలునుంచి వచ్చేసరికి నా రఫీకి పదమూడు నిండడానికి నాలుగు నెలలుంది. నేను వంటింట్లో బూరెలు వేయిస్తున్నాను. గుమ్మంలో నీడ పడితే తలెత్తి చూశాను. ఏమీ ఆలోచించలేదు. మూకుడు ఎత్తి నూనె మొహాన పోశాను. వాడు తల తిప్పుకోబట్టి మెడా భుజమూ కాలాయి. కింద పడి గిలగిలా కొట్టుకుంటుంటే చూస్తూ నిలబడ్డాను. నాకు చల్లగా అనిపించింది, దాచడమెందుకు?

పంతొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉండి, మెడకు కట్టుతోనే మళ్లీ వచ్చాడు.

"ఇంకా ఏం కావాలిరా నీకు?" అన్నాను.

"పిల్లాడికి పదమూడు వస్తోంది. చదవడం ఎవరు నేర్పుతున్నారు?"

"నేర్పాల్సినవాణ్ణి నువ్వే చంపావుగా."

"అందుకే వచ్చాను జొహరమ్మా."

ఇంట్లోకి రానివ్వలేదు. పెరట్లో ఎండలో కూర్చోబెట్టాను. వాడు రఫీకి నేర్పుతున్నంతసేపూ పచ్చడి బండ చేత్తో పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను, నాలుగు నెలలు. నా కొడుకు తండ్రి లేకుండానే ఒక్క తప్పు లేకుండా చదివాడు. చదవడం అయ్యాక పైన ఆడవాళ్ల అరుగు మీదినుంచి పిల్లాడి మీద మిఠాయిలు విసరడం మా ఆచారం. అందరూ మిఠాయిలు విసిరారు. నేను మెరుపు కాగితంలో గులకరాయి చుట్టి, గురిచూసి హనన్యాని కొట్టాను. కనుబొమ్మ పగిలింది. వాడు నెత్తురు తుడుచుకుని, ఆ రాయి ఏరుకుని జేబులో వేసుకున్నాడు.

ఆ తర్వాత మా వీధిలో ఒక ఆవిడ వచ్చింది. ఆమె మొగుడు క్వారీలో బండ కింద పడి పోయాడు. "మా వాడికీ నేర్పమను జొహరా. వంటకి నువ్వూ రా. ఇంట్లో పొయ్యి వెలిగించే ఓపిక లేదు," అంది. అలా మొదలైంది. తండ్రి పోయిన ఇల్లు ఎక్కడున్నా పిల్లాడికి పన్నెండు నిండగానే హనన్యా వెళ్లి తలుపు కొడతాడు. యుద్ధంలో పోయినా, రోగంతో పోయినా, కత్తిపోటుతో పోయినా వాడికి ఒకటే. చాలా ఇళ్లలో ముందు దెబ్బలు తింటాడు. పండగ మాటెత్తితే ఏడుపున్న ఇంట్లో కోపమే వస్తుంది మరి. ఒక ఇంట్లో చెప్పుతో కొట్టారు, ఇంకో ఇంట్లో కుక్కను వదిలారు. మర్నాడు మళ్లీ వెళతాడు. వాడు నేర్పుతాడు, నేను వండుతాను. నిరుటికి ఇరవైముగ్గురు పిల్లలు. అన్నేళ్లలోనూ నేను వాణ్ణి పేరుపెట్టి పిలవలేదు. "ఏయ్ హంతకుడా, ఉల్లిపాయలు తరుగు" అంటాను. తరుగుతాడు.

ఇరవైనాలుగోవాడు ఓవద్యా.

వాడి తండ్రి మెయిర్‌ని రెండేళ్ల కిందట మా వీధి చివరే చంపారు. కారు నిలిపే చోటు కోసం తగాదా. ఎదురింటి కోబీ స్క్రూడ్రైవర్‌తో నాలుగుసార్లు పొడిచాడు. పదకొండేళ్ల ఓవద్యా బాల్కనీలోంచి చూశాడు. కోబీ జైల్లో ఉన్నాడు. కాని వాడి తండ్రి మఖ్లూఫ్ ముసలాడు, తమ్ముడు క్ఫీర్ ఎదురింట్లోనే ఉంటారు. క్ఫీర్‌కి నాలుగేళ్ల కొడుకు. శనివారం శనివారం ముగ్గురూ మా సినగాగ్‌కే వచ్చి చివరి వరసలో కూర్చుంటారు. వాళ్ల పక్క బల్లలు ఖాళీగా ఉంటాయి.

ఓవద్యా తల్లి సులీకా ముందు అందరిలాగే ఎగిరిపడింది. "ఆయన లేని కొంపలో మిఠాయిలేంటి పిన్నీ, నీకు సిగ్గులేదా?" అంటూ పళ్లెం తీసి గోడకేసి కొట్టింది. నేను ఇంకో రెండు అందించాను. అవీ పగలగొట్టింది. "అయిందా? ఏడిస్తే ఏడువు, ఎవరొద్దన్నారు? పిల్లాడికి పదమూడు మాత్రం మళ్లీ రాదు," అన్నాను. చీపురు తెచ్చి ఇద్దరం పెంకులు ఊడ్చాం. అప్పుడు ఒప్పుకుంది.

వాడి వంతుకు వచ్చిన భాగం పది ఆజ్ఞలు. ఆ భాగం చదివే శనివారాన్ని మేం ఓదార్పు శనివారం అంటాం. మా హీబ్రూ భాషలో ‘లో’ అంటే వద్దు. ‘తిర్త్సాఖ్’ అంటే చంపుతావు. లో తిర్త్సాఖ్, చంపవద్దు. రెండే మాటలు. పాఠాలు మా వంటింట్లోనే జరిగేవి. ఓవద్యా చక్కగా చదివేవాడు, గొంతు బంగారం. ఆ చోటికి వచ్చేసరికి మాత్రం ‘లో’ మింగేసేవాడు.

"లో ఏదిరా?" అనేవాడు హనన్యా.

"అన్నాను తాతా."

"నాకు వినపడలేదు. జొహరమ్మా, నీకు?"

"నాకూ వినపడలేదు. పొద్దున్నించీ ఏమీ తినలేదన్నాడుగా, లో తినేసి ఉంటాడు," అన్నాను నేను, నవ్వుతాడేమోనని.

వాడు నవ్వలేదు. "దొంగిలించవద్దు" దగ్గర ‘లో’ గట్టిగానే అనేవాడు. ఇది ఒక్కటే. హనన్యా వందసార్లు చదివించాడు. ఊళ్లో పిల్లలు వాణ్ణి ‘లో’ తాత అనేది ఇందుకే, ఒక్క మాట కోసం ప్రాణం తోడేస్తాడు.

దీని వెనక ఎవరున్నారో నాకు తెలుసు. మెయిర్ వాళ్ల అన్న ప్రోస్పేర్. కాఫీ కొట్టు దగ్గర నలుగురిలో వాడు అన్న మాటలు నా చెవినా పడ్డాయి. "పదమూడు నిండనీ. మా వాడు మగాడవుతాడు. మా ఇంటి నెత్తురుకి మా ఇంటి మగాడే బదులు చెబుతాడు." నీకు నలభై ఏడేళ్లు కదరా, నువ్వెప్పుడు మగాడివవుతావు అని అడిగాను. బూతు తిట్టాడు. నేను అంతకన్నా మంచి బూతు తిట్టాను.

శుక్రవారం పొద్దున చేపలు శుభ్రం చేద్దామని చూస్తే నా సన్నకత్తి లేదు. ముల్లు తీసే కత్తి, పొడుగ్గా ఉంటుంది, నేనే పదును పెట్టుకుంటాను. డబ్బాలన్నీ వెతికాను. ముందురోజు నా వంటింటికి వచ్చినవాళ్లు ఇద్దరే. ఒకడు ఉల్లిపాయలు తరిగి వెళ్లాడు. రెండోవాడు ఓవద్యా.

హనన్యా రాగానే చెప్పాను. "పోలీసులకి చెప్పు. కాదంటే వాడి సంచీ లాక్కో. రేపు క్ఫీర్ అక్కడే ఉంటాడు."

హనన్యా స్టూలు మీద కూర్చుండిపోయాడు. "లాక్కుంటే వాళ్ల పెదనాన్న ఇంకోటి ఇస్తాడు. ఈ శనివారం కాకపోతే వచ్చే శనివారం. వాడంతట వాడే కింద పెట్టాలి జొహరమ్మా."

"పెట్టకపోతే?"

"పక్కన నేను నిలబడతాను కదా."

"నువ్వు పక్కనుంటే ఏం జరుగుతుందో నాకు తెలీదా!" అని అరిచాను. చేతిలో ఉన్న చేపతోనే మొహం మీద కొట్టాను. పొలుసులు వాడి గడ్డానికి అంటుకున్నాయి. తుడుచుకుని, కత్తిపీట ముందేసుకుని ఉల్లిపాయలు తరగడం మొదలెట్టాడు. నాకు భయమేసింది. నిజం చెప్పాలంటే పోలీసుల దగ్గరికి నేనే వెళ్లి ఉండాల్సింది, వెళ్లలేదు. సులీకా కొడుకు జైలుకి పోతే నేను కారణం అవుతానని భయం. క్ఫీర్ చస్తే కూడా నేనే కారణమని ఆ పూట తట్టలేదు.

శనివారం హాలు కిటకిటలాడింది. మేం ఆడవాళ్లం పైన జాలీ వెనక. నా ఒళ్లో మిఠాయిల సంచీ. సులీకా రెండేళ్ల తర్వాత మొదటిసారి రంగు బట్టలు కట్టుకుంది. కింద నడిమధ్యన వేదిక, దాని మీద తోరా విప్పి ఉంది. ఓవద్యా తన తండ్రి ప్రార్థన శాలువా కప్పుకున్నాడు, భుజాలు దాటి జారిపోతోంది. బల్ల కింద, వాడి మోకాలి దగ్గర, శాలువా పెట్టుకునే మఖమలు సంచీ. ఇంకా ఉబ్బుగానే ఉంది. శాలువా ఒంటిమీదుంటే సంచీలో ఏముంటుంది?

పది ఆజ్ఞలు వస్తాయనగానే అందరూ లేచి నిలబడ్డారు. ఓవద్యా గొంతు గంటలా ఉంది. మొదటి అయిదూ చదివాడు. ఊపిరి పీల్చుకున్నాడు.

"తిర్త్సాఖ్."

చంపుతావు.

"లో!" అని హాలంతా అరిచింది. అందరికన్నా ముందు అరిచిన గొంతు చివరి వరసలోది. మఖ్లూఫ్ ముసలాడిది. చిన్నప్పటినుంచీ తప్పు వినపడితే అరవడమే అలవాటు, ఎవరు చదువుతున్నారో మరిచిపోయి అరిచాడు.

ఓవద్యా తలెత్తి చివరి వరసకేసి చూశాడు. చూస్తూనే మళ్లీ అన్నాడు.

"తిర్త్సాఖ్."

"లో! లో!" అని అరుపులు. ఈసారి ప్రోస్పేర్ బల్లల మీదుగా దూకాడు. "నువ్వా చెప్పేది? నీ నోటితోనా? నీ కొడుక్కి నేర్పలేదేంరా ఈ మాట!" అంటూ మఖ్లూఫ్ గొంతు పట్టుకుని తల గోడకేసి కొట్టాడు. ముసలాడి టోపీ ఊడిపోయింది, చెవి వెనకనుంచి నెత్తురు కారింది. క్ఫీర్ తన కొడుకును బల్ల కిందికి తోసి ప్రోస్పేర్ మీద పడ్డాడు. పుస్తకాల స్టాండు విరిగింది. ఎవరో దాని చెక్క తీసి కొట్టారు, ఎవరికి తగిలిందో తెలీదు, పళ్లు ఊడి నేల మీద పడ్డాయి. మా గురువు రబ్బీ రెండు చేతులూ ఎత్తి అరుస్తున్నాడు, వినేదెవరు? బల్ల కింద ఆ పసివాడు గుక్కపెట్టి ఏడుస్తున్నాడు.

నేను వాళ్లను చూడటం లేదు. ఓవద్యా వంగాడు, చెయ్యి సంచీలోకి వెళ్లింది. అంతే, మెట్లు దిగి పరుగెత్తాను. మగాళ్ల వైపు ఆడది అడుగుపెట్టకూడదు. పెట్టాను.

వేదిక దగ్గరికి చేరేసరికి నా కత్తి వాడి చేతిలో ఉంది. హనన్యా మొదట తన శాలువా తీసి తోరా మీద కప్పాడు, నెత్తురు పడకుండా. ఆ తర్వాత కత్తి అలుగును కుడి పిడికిలితో పట్టుకున్నాడు. ఓవద్యా లాగాడు. నేను పదును పెట్టిన కత్తి. వేళ్ల సందుల్లోంచి నెత్తురు ధారగా వచ్చి వాడి చొక్కా చేతిలోకి పోతోంది. హనన్యా వదల్లేదు.

"వదులు తాతా! వదులు! నీకేం తెలుసు!" పిల్లాడు ఏడుస్తూ తంతున్నాడు.

"నాకు తెలుసురా. ఆవిణ్ణడుగు," అన్నాడు నన్ను చూపించి. గొంతు పెంచలేదు. "ఆ ఏడుపు వినపడుతోందా? బల్ల కింద. వాడికి నాలుగేళ్లు. నువ్విప్పుడు వాళ్ల నాన్నను పొడుస్తావు. తొమ్మిదేళ్లకి వాడికి పదమూడొస్తుంది. నేను వెళ్లి వాళ్ల తలుపు కొట్టాలి. ఇదే పాఠం వాడికి నేర్పాలి. నాకు అరవైరెండు ఓవద్యా, గొంతు పోతోంది. ఇంకొకడికి నేర్పే ఓపిక నాకు లేదురా. ఇక్కడితో ఆపు."

ఓవద్యా బల్ల కిందికి చూశాడు. ఆ పసివాడు నోరు తెరిచి, ఎవరికోసమో చేతులు చాపి ఏడుస్తున్నాడు. రెండేళ్ల కిందట బాల్కనీలో వీడూ అలాగే అరిచాడు, వీధంతా విన్నాం. వాడి వేళ్లు పిడి మీద సడలాయి. హనన్యా అలుగు పట్టుకుని ఉండగానే నేను పిడి అందుకున్నాను. నా కత్తి నా జేబులోకి వెళ్లిపోయింది.

"చదువు," అన్నాడు హనన్యా. ఎడమచేత్తో శాలువా తీసి, చదివే వరస చూపించే వెండి పుల్లను ఆ మాట మీద పెట్టాడు. కుడి పిడికిలి వీపు వెనక దాచుకున్నాడు.

ఓవద్యా నోరు తెరిచాడు. మొదటిసారి గాలే వచ్చింది. రెండోసారి అరిచాడు.

"లో!"

ఆ అరుపుకి కొట్టుకునేవాళ్లు ఆగారు. ప్రోస్పేర్ పిడికిట్లో క్ఫీర్ కాలరు అలాగే ఉంది. మళ్లీ అన్నాడు, ఈసారి రాగంలో. లో తిర్త్సాఖ్. తప్పు దిద్దుకున్నాక ఆగకూడదు కాబట్టి ఆగకుండా చివరిదాకా చదివాడు. నేను వేదిక కిందే నిలబడ్డాను, నన్ను పైకి పొమ్మని ఎవరూ అనలేదు. మఖ్లూఫ్ చెవికి గుడ్డ అదుముకుని నిలబడే విన్నాడు. పైనుంచి సులీకా ఒక్కతే మొదట మిఠాయి విసిరింది. తర్వాత అందరూ విసిరారు. పసివాడు బల్ల కిందనుంచి పాకుతూ వచ్చి, ఊడిన పళ్ల మధ్య పడినవి ఏరుకున్నాడు. ప్రోస్పేర్ గుమ్మం దాటి వెళ్లిపోయాడు. వాడు మళ్లీ రానూ వచ్చు, ఇంకో కత్తి తేనూ వచ్చు. కాని పట్టేవాడు ఓవద్యా మాత్రం కాడు.

తర్వాత వంటింట్లో హనన్యా చేతికి తువ్వాలు చుట్టాను. నాలుగు వేళ్లూ ఎముకదాకా తెగాయి. నా పళ్ల గాటున్న చేతికే కొత్త గాటు. అంబులెన్సు వస్తోందన్నారు. నా జేబులో ఒక మిఠాయి మిగిలిపోయింది, నలిగి మెత్తబడింది. తీసి వాడి ముందు బల్ల మీద పెట్టాను. వాడు ఎడమచేత్తో అందుకుని, ఒకసారి ఎగరేసి బరువు చూశాడు. రాయేమోనని.

"రాయి కాదులేరా," అన్నాను.

వాడు నన్ను చూశాడు. ఇరవై ఆరేళ్లలో ఎప్పుడూ అడగనిది అప్పుడు అడిగాడు. "క్షమించావా జొహరమ్మా?"

అర్మాన్ పళ్లేల మీద పడిన చప్పుడు నా చెవుల్లో ఉంది. ఎప్పుడూ ఉంటుంది.

"లో," అన్నాను.

వాడు తలూపాడు. ఒంటిచేత్తో కాగితం విప్పబోతే రాలేదు. నేనే లాక్కుని విప్పాను.

"నోరు తెరువు, హనన్యా."